సిల్కీని తడిపి చూడండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఒకసారి చెప్పుకుంటాను. ఈకలు పట్టు బొచ్చులా ఉండే సిల్కీ జాతి కోళ్లు నాలుగు తెచ్చుకున్నారు: ఒక తెల్ల పుంజు, రెండు తెల్ల పెట్టలు, ఒక నల్ల పెట్ట. నాలుగింటినీ ఒకే గూట్లో వదిలారు. తెచ్చిన పది రోజులకే గుడ్లు ఏరి ఇంక్యుబేటర్‌లో పెట్టారు. 22 పిల్లలు దిగాయి. వాటిలో ఒకదానికి పట్టులాంటి బొచ్చు రాలేదు, మామూలు కోడి ఈకలే వచ్చాయి. రెండింటికి తురాయి, అంటే తల మీది కండ, రంపం పళ్లలా నిలబడింది. నాలుగింటికి ఒక కాలికి నాలుగు వేళ్లే ఉన్నాయి. పుంజు తల మీది బొచ్చు కుచ్చు మాత్రం చూసినవాళ్లందరికీ నచ్చుతోంది. వచ్చే ఏడాది కోళ్ల పోటీకి, అంటే షోకి పెట్టాలనుంది, వీటిలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని తీసేయాలి అన్నది మీ ప్రశ్న.

ఈ 22 పిల్లల్లో ఒక్కదాన్ని కూడా బ్రీడింగ్‌కి లెక్కపెట్టుకోకండి. బాగున్నవాటిని ముద్దుగా పెంచుకోండి, కావాలంటే అనుభవం కోసం ఒకదాన్ని షోకి కూడా తీసుకెళ్లండి. కానీ వీటి తండ్రి ఎవరో మనకు తెలియదు. మీ పుంజే అనుకుంటున్నారు, కాదు. కనీసం ఒక పిల్లకు కాదు.

ఎందుకంటే, సిల్కీ బొచ్చు తెచ్చే జీన్ దాగి ఉండే రకం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే ఆ బొచ్చు కనిపిస్తుంది. అంటే సిల్కీ బొచ్చు ఉన్న పక్షి దగ్గర మామూలు ఈక జీన్ ఉండదు. లేనిదాన్ని పిల్లకు ఇవ్వలేదు. రెండు సిల్కీలు కలిస్తే పిల్లలన్నీ సిల్కీ బొచ్చుతోనే రావాలి. మీ ఇంట్లో మామూలు ఈకల పిల్ల పుట్టిందంటే, దాని తండ్రి మామూలు ఈకల పుంజు. మీ దగ్గర అలాంటి పుంజే లేదంటున్నారు కాబట్టి, ఆ పెట్ట మీ దగ్గరికి వచ్చేటప్పుడే ఆ సంబంధం కలుపుకుని వచ్చింది. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు మూడు వారాల దాకా బతికే ఉంటుంది. మీరు పదో రోజునే గుడ్లు ఏరారు.

ఇంకో చిక్కు ఉంది. ఆ బయటి పుంజు లోపల సిల్కీ జీన్ ఒకటి మోస్తున్న మిశ్రమ పుంజు అయితే, దానికి పుట్టిన పిల్లల్లో సగం చక్కటి సిల్కీ బొచ్చుతోనే ఉంటాయి. కాబట్టి గట్టి ఈకల పిల్లను తీసేసి, మిగతా 21 స్వచ్ఛమైనవి అనుకోవడానికీ లేదు. ఆ పిల్ల కాళ్లు ఏ రంగులో ఉన్నాయో మీరు రాయలేదు. తెల్లగానో పసుపుగానో ఉంటే నా అనుమానం ఇంకా బలపడుతుంది. ఎందుకో చర్మం రంగు దగ్గర చెప్తాను.

పెట్టల్ని పుంజు నుంచి విడదీసి నాలుగు వారాలు ఆగండి. ఆ గుడ్లు తినండి, పొదిగించకండి. తర్వాత ఏ పెట్టను ఏ పుంజుతో కలిపారో రాసుకుని మొదలుపెట్టండి. మీ అసలు మొదటి సంవత్సరం అక్కడి నుంచి లెక్క.

ఇప్పుడు మీ పుంజు కుచ్చు గురించి. దాన్ని మెచ్చుకుంటున్నారంటే నాకు కాస్త భయమేసింది, ఎందుకంటే నేనూ అక్కడే పడ్డాను. మొదట్లో నా దగ్గర ఒక తెల్ల పుంజు ఉండేది. ఇంట్లో దాన్ని మబ్బు అని పిలిచేవాళ్లం. కుచ్చు కళ్లు కనపడనంత నిండుగా, వెనక్కి దువ్వినట్టు. రెండేళ్లు దానితోనే పిల్లల్ని తీశాను. మూడో ఏడాది దాన్ని షోకి తీసుకెళ్దామని మొదటిసారి ఒళ్లంతా స్నానం చేయించాను. గోరువెచ్చని నీళ్ల టబ్బులో మెడ దాకా దింపి, బొచ్చులోకి నీళ్లు ఎక్కించాను. నా చేతుల్లో ఆ మబ్బు కరిగిపోయింది. మిగిలింది సన్నటి, పొడుగాటి ఒళ్లు. వీపు గుండ్రంగా, పొట్టిగా ఉండాల్సింది, బల్లలా సాగి ఉంది. ఛాతీ ఎముక బొటనవేలికి కత్తి అంచులా తగిలింది. తోక మొదలు ఇరుకుగా, కిందికి జారి ఉంది. దాని పిల్లల్ని ఒక్కొక్కటిగా తెచ్చి తడిపి చూశాను. ఒకటి తప్ప అన్నీ తండ్రి పోలికే. రెండేళ్లు నేను బొచ్చును పెంచాను, కోడిని కాదు.

సిల్కీ ఈకల్లో పోగుల్ని ఒకదానికొకటి కట్టిపడేసే సన్నటి కొక్కేలు పనిచేయవు. అందుకే అది బొచ్చులా విడిపోయి ఉబ్బుతుంది. ఉబ్బిన బొచ్చు ఏ ఒంటినైనా గుండ్రంగానే చూపిస్తుంది. జడ్జి ఇవన్నీ చూసినవాడు, అందుకే కళ్లతో చూసింది నమ్మడు. పక్షిని పంజరంలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని, వేళ్లు బొచ్చులోకి పోనిచ్చి వీపు పొడవు, ఛాతీ నిండుదనం, తోక మొదలు వెడల్పు కొలుస్తాడు. మీరూ అలాగే చేయాలి. జతకు పెట్టే ముందు ప్రతి పక్షినీ ఒకసారి తడిపి చూడండి. అలా చూడని ఏ పక్షినీ ఇప్పుడు నేను జతకు పెట్టను. వీపు పొట్టిగా, మెడ నుంచి తోకకు ఒక గిన్నె వంపులా సాగాలి. ఛాతీ ముందుకు నిండుగా, కాళ్లు పొట్టిగా, రెండు కాళ్ల మధ్య ఎడం ఉండాలి. కుచ్చు రెండు తరాల్లో తెచ్చుకోవచ్చు. ఒంటి తీరు తప్పితే అయిదేళ్లు పడుతుంది.

దీనికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి: మీరు పాటించబోయే ప్రమాణం, అంటే పక్షి ఎలా ఉండాలో షోలకు చెప్పే కొలత, ఏది? అమెరికన్ ప్రమాణ గ్రంథం మొదటిసారి 1874లో వచ్చింది, సిల్కీ అప్పటి నుంచీ అందులో ఉంది. వాళ్ల లెక్కలో ఇది బాంటమ్, అంటే చిన్న జాతి. పుంజు 36 ఔన్సులు, కిలో పైన కొద్దిగా. పెట్ట 32 ఔన్సులు. బ్రిటిష్ ప్రమాణంలో మామూలు సిల్కీ పెద్ద కోళ్ల లెక్కలోకి వస్తుంది. పుంజు 1.8 కిలోలు, పెట్ట 1.36 కిలోలు, బాంటమ్ వేరే. ఒక ప్రమాణానికి పెంచుకొచ్చిన వంశం నుంచి పుంజు, ఇంకో ప్రమాణం వంశం నుంచి పెట్ట తెచ్చి కలిపితే పిల్లలు ఒక సైజులో నిలవవు. ఒక్కోటి ఒక్కో రకం. మీ నాలుగింటినీ తూకం వేయండి. అవి దేనికి దగ్గరగా ఉంటే ఆ ప్రమాణం పుస్తకం తెచ్చుకుని, సిల్కీ పేజీని గూడు గోడకు అంటించుకోండి. సరదాకి అనడం లేదు. పిల్లలు ముద్దుగా కనిపించే వయసులో ఆ కాగితం మీ చేయి పట్టుకుని ఆపుతుంది.

ఇక వేళ్లు. సిల్కీ పెంచేవాళ్లకి నిద్ర పట్టనివ్వనిది ఇదే.

మామూలు కోడికి నాలుగు వేళ్లు, సిల్కీకి అయిదు. ఆ అయిదో వేలు జీన్ పైకి కనిపించే రకమే, ఒక్కటి ఉన్నా చాలు. కానీ మాట నిలకడ లేని జీన్. ఉండి కూడా ఒక్కోసారి కనిపించదు, ఒక కాలికి చూపించి రెండో కాలికి చూపించదు, ఒక్కోసారి ఆరో వేలు కూడా మొలిపిస్తుంది. అందుకని మీ నాలుగు పిల్లల్ని చూసి సిల్కీలు కావని తేల్చేయక్కర్లేదు. అలాగే అయిదు వేళ్లున్న తల్లిదండ్రులు ఉన్నాయి కాబట్టి నిశ్చింత అనీ అనుకోవద్దు. తల్లిదండ్రుల్లో ఒకదాని దగ్గర ఈ జీన్ ఒక్క మోతాదే ఉంటే ఇలాంటి తేడాలు ఎక్కువగా బయటపడతాయి. బయటి పుంజు సంబంధం ఉన్న పిల్లల్లో సరిగ్గా అదే పరిస్థితి.

లెక్కపెట్టడం ఒక్కటే సరిపోదు, వేళ్ల పొందిక చూడాలి. గుడ్డులోంచి వచ్చి ఆరిన రోజే పిల్లను వెల్లకిలా అరచేతిలో పడుకోబెట్టండి. కాలిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా పట్టుకుని దీపం వైపు తిప్పండి. ముందుకు మూడు వేళ్లు. వెనక నాలుగోది నేల మీద ఆనేలా పడుకుని ఉండాలి. అయిదోది దానికి కాస్త పైనుంచి మొదలై, విడిగా, పైకి వంగి ఉండాలి. నేలను తాకకూడదు. నాలుగు, అయిదు వేళ్ల మధ్య మీకు వెలుతురు కనిపిస్తే మంచి కాలు. రెండూ ఒకే దుంప నుంచి పుట్టి, సగం దాకా అతుక్కుని, చివర రెండు గోళ్లతో ఉంటే అది పైకి అయిదే కానీ నా లెక్కలో చెడ్డ కాలు. నాలుగు వేళ్ల పిల్ల తప్పు వెంటనే తెలిసిపోతుంది, మోసపోం. ఈ అతుకు వేళ్ల పక్షే పెద్దయ్యాక కాలి బొచ్చు కింద తప్పు దాచుకుని గుంపులో తిష్ఠ వేస్తుంది. రెండు అతుకు వేళ్ల పక్షుల్ని ఎప్పుడూ జత కట్టకండి. మిగతా అన్నిటిలో మెరుగైన పెట్టకు వేళ్లు కాస్త అటూ ఇటూగా ఉంటే, చక్కటి కాళ్లున్న పుంజు కింద ఒక తరానికి వాడుకోవచ్చు, నేను వాడాను. పుంజు విషయంలో మాత్రం రాజీ వద్దు. పెట్ట తప్పు తన గుడ్ల దాకే, పుంజు తప్పు గూడంతటికీ పాకుతుంది.

రంపం తురాయి సంగతి చూద్దాం. సిల్కీకి ఉండాల్సింది అక్రోట్ గింజలా ముడతలతో, గుండ్రంగా, ముక్కు మొదట్లో కూర్చున్న తురాయి. ఇది ఒక జీన్ పని కాదు. గులాబీ తురాయి జీన్, బఠానీ తురాయి జీన్, రెండూ ఒకే పక్షిలో కలిసినప్పుడు ఈ ఆకారం వస్తుంది. రెండూ లేకపోతే మామూలు నిలువు రంపం. బయటకు చక్కటి అక్రోట్ తురాయి ఉన్న రెండు పక్షులు లోపల రెండు జీన్లనూ ఒక్కో మోతాదే మోస్తుంటే, వాటి పిల్లల్లో 16కి 9 అక్రోట్, 3 గులాబీ, 3 బఠానీ, 1 రంపం వస్తాయి. షోలో రంపం తురాయికి చోటే లేదు.

ఇది గుంపులోంచి ఎందుకు పోదో తెలుసుకుంటే మీకు కోపం తగ్గుతుంది. గులాబీ తురాయి జీన్ రెండు మోతాదులూ ఉన్న పుంజుల వీర్యంలో కదలిక తక్కువ, గుడ్లు సరిగా కట్టవు, అంటే వాటిలో పిల్ల పడదు. ఒక్క మోతాదు ఉన్న పుంజుకి ఆ ఇబ్బంది లేదు. గుడ్లు బాగా కట్టే పుంజునే మనం ఉంచుకుంటాం కదా! తెలియకుండానే ఏటా రంపం తురాయిని దాచుకున్న పుంజునే ఎంచుకుంటున్నామన్నమాట. గులాబీ తురాయి ఉండే వయాండాట్ జాతి కోళ్లు పెంచేవాళ్లకి ఇది పాత తలనొప్పి, మనకూ అదే. ఆ రంపం తురాయి పిల్లల తండ్రి మీ పుంజే అయితే, దానిలో గులాబీ, బఠానీ జీన్లు రెండూ ఒక్కో మోతాదే ఉన్నట్టే. తేల్చుకోవాలంటే మార్గం ఉంది. రంపం తురాయి ఉన్న ఏదైనా పెట్టతో దాన్ని కలిపి 16 పిల్లలు తీయండి. పుంజులో రెండూ ఒక్కో మోతాదే ఉంటే నాలుగో వంతు పిల్లలకు రంపం రావాలి. 16లో ఒక్కటీ రాకపోతే అలా లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఆ పిల్లలు బ్రీడింగ్‌కి పనికిరావు, పరీక్ష కోసమే. నేనైతే ఇంత శ్రమ పడను. మొదటి రోజే పిల్ల ముక్కు మీద సన్నటి నిలువు గీత కనిపిస్తే పక్కన పెట్టేసి ముందుకు పోతాను. మీ గూడు చిన్నది, చోటు విలువైనది.

చర్మం రంగుకొస్తే, సిల్కీకి చర్మం, ఎముక, ముఖం అన్నీ నల్లగా ఉండాలి. తురాయి పండిన నేరేడు రంగులో ఉండాలి. కడక్‌నాథ్‌లో, ఇండోనేషియా నల్ల కోడి అయామ్ సెమానీలో కనిపించే నలుపుకు కారణమైన జన్యు మార్పే దీనిలోనూ ఉంది. కానీ ఆ జీన్ పనిచేయాలంటే ఇంకో జీన్ అడ్డురాకూడదు. చర్మంలో నలుపును ఆపేసే జీన్ ఒకటి లింగ క్రోమోజోమ్ మీద ఉంది. పెట్టకు ఆ క్రోమోజోమ్ ఒక్కటే, అదీ తండ్రి నుంచే వస్తుంది. పుంజుకు రెండు. జన్యు శాస్త్రవేత్తలు బేట్‌సన్, పన్నెట్ సిల్కీలను నల్ల చర్మం లేని బ్రౌన్ లెగ్‌హార్న్ జాతితో కలిపి 1911లో ప్రచురించిన పనిలో ఇది బయటపడింది. సిల్కీ పెట్టకు లెగ్‌హార్న్ పుంజును కలిపితే పిల్లలన్నీ పాలిపోయిన చర్మంతో వచ్చాయి. అటుది ఇటు మార్చి, లెగ్‌హార్న్ పెట్టకు సిల్కీ పుంజును కలిపితే పుంజు పిల్లలు పాలిపోయి, పెట్ట పిల్లలు నల్లగా వచ్చాయి. మీ గట్టి ఈకల పిల్ల కాళ్ల రంగు అడిగింది ఇందుకే. అది పాలిపోయి ఉంటే, ఆ బయటి తండ్రి దగ్గర నలుపును ఆపే జీన్ ఉందన్నమాట. అలాంటి పాలిపోయిన పుంజు పిల్ల, బొచ్చు ఎంత బాగున్నా, గూట్లో ఉండకూడదు. అది తన పిల్లల్లో సగానికి ఆ లోపాన్ని అంటిస్తుంది.

స్వచ్ఛమైన సిల్కీ పుంజుకు కూడా వయసొచ్చేసరికి తురాయి ఎర్రబడటం చూస్తాం. హార్మోన్లు పొంగినప్పుడు రక్తం ఎక్కువ చేరి ఎరుపు తేలుతుంది. ఒకే వయసు పుంజుల్ని పక్కపక్కన నిలబెట్టి, ఎర్రబడనిదాన్ని ఎంచుకుంటూ పోవడమే మందు. నాకు మూడు తరాలు పట్టింది, ఇంకా పూర్తి కాలేదు.

రెక్క తెరిచి చూడటం మర్చిపోకండి. రెక్క చివరి పెద్ద ఈకలకూ, లోపలి ఈకలకూ మధ్య ఖాళీ కనిపిస్తే అది చీలిన రెక్క. సిల్కీల్లో ఎక్కువ, వారసత్వంగా వస్తుంది, షోలో పక్షిని పక్కన పెట్టించేస్తుంది. ఎనిమిది, పది వారాల వయసులో ఒకసారి, ఈకలన్నీ వచ్చాక ఇంకోసారి చూడండి. దీని విషయంలో నాకు జాలి లేదు.

రంగు గురించి క్లుప్తంగా. నల్ల పెట్టను తెల్ల పుంజు దగ్గర నుంచి తీసేయండి. సిల్కీల్లో తెలుపు చాలావరకు దాగి ఉండే రకం. దాని కింద ఏ రంగు ఉందో ఎవరికీ తెలియదు, కలిపితే మెడ దగ్గర బంగారం రంగో వెండి రంగో కారిన నల్ల పిల్లలు వస్తాయి. నల్ల పెట్టకు నల్ల పుంజో నీలం పుంజో చూడండి. నీలంతో అయితే పిల్లల్లో సగం నీలం, సగం నలుపు. అది ఇష్టం లేకపోతే ఆ పెట్టను పొదగడానికి ఉంచుకోండి. సిల్కీ పెట్టలంత ఓపికగా పొదిగేవి నేను చూడలేదు, రాయి పెట్టినా కూర్చుంటాయి. ఆ సుగుణం వల్లే గుడ్లు మాత్రం తక్కువ.

జత కట్టడం దగ్గరికి వద్దాం. ఒక పుంజు, రెండు పెట్టలు, విడి గూడు. జతకు పెట్టే ముందు పుంజుకూ పెట్టకూ వెనక భాగం చుట్టూ బొచ్చు కత్తిరించండి, లేకపోతే గుడ్లు కట్టవు. కుచ్చును కళ్లకు అడ్డం రాకుండా మెత్తటి రబ్బరు బ్యాండుతో పైకి కట్టండి. పుంజుకు పెట్ట కనిపించాలి కదా. షోకి వెళ్లాల్సిన పక్షినీ పిల్లల్ని తీయాల్సిన పక్షినీ ఒకే సీజన్‌లో రెంటికీ వాడలేకపోవడానికి ఈ కత్తెరే కారణం.

ఏ గుడ్డు ఏ పెట్టదో రాయండి. గుడ్డు మీద పెన్సిల్‌తో పెట్ట నంబరు, తేదీ. పొదిగే చివరి మూడు రోజులు ఒక్కో పెట్ట గుడ్లను విడి వల సంచిలో పెట్టండి, 21వ రోజు పిల్లలు కలిసిపోవు. పిల్ల వేళ్ల మధ్య పల్చటి పొరకు చిన్న రంధ్రం గుర్తు వేయొచ్చు. ఒక్కో కాలికి రెండు పొరలు, మొత్తం నాలుగు, వాటితో 16 రకాల గుర్తులు వస్తాయి. చేయి తిరగనివాళ్లు రంగు రింగులు వాడండి. కానీ కాలు లావెక్కే కొద్దీ వారానికోసారి మార్చాలి, మర్చిపోతే కాల్లోకి దిగిపోతుంది.

ఈ జత నుంచి కనీసం 40 పిల్లలు తీయడానికి ప్రయత్నించండి. మొదటి రోజు వేళ్లు, తురాయి చూస్తే పది దాకా పోతాయి. రెక్కలు చూసినప్పుడు ఇంకొన్ని. తర్వాత ఆరో నెల దాకా తొందరపడకండి. సిల్కీలు నెమ్మదిగా ఎదుగుతాయి. నాలుగైదు నెలల దాకా పుంజో పెట్టో తేల్చడమే కష్టం. కుచ్చులో కొన్ని పొడుగాటి పోగులు వెనక్కి సాగితే పుంజు, బంతిలా గుండ్రంగా ఉంటే పెట్ట అని ఒక అంచనా. ఆ అంచనాతో నా పెట్ట అనుకున్నది ఒకటి ఏడో నెలలో తెల్లారకుండా కూసింది. ఆరేడు నెలలప్పుడు మిగిలినవాటిని తడిపి చూడండి. ఒక పుంజు, మూడు పెట్టలు నచ్చితే ఆ ఏడాది బాగా గడిచినట్టే.

రెండో ఏడాది మంచి పెట్ట పిల్లను తండ్రికి, మంచి పుంజు పిల్లను తల్లికి. దీనికి చాలామంది ముఖం చిట్లిస్తారు కానీ తీరును నిలబెట్టేది ఇదే. అయితే ఇలా పుట్టే పిల్లల్లో రక్తం దగ్గరితనం 25 శాతం. తోబుట్టువుల్ని కలిపినా అంతే, కానీ తోబుట్టువుల విషయంలో రెండింటి లోపాలూ ఏవో మనకు ఇంకా తెలియవు. తల్లిదండ్రులవి ఏడాదిగా చూశాం. అందుకే నేను మొదటి దారే పడతాను. మూడో ఏడాది ఈ రెండు శాఖల్ని మళ్లీ కలపండి. గుడ్లు కట్టడం తగ్గినా, పిల్లలు గుడ్డులోనే ఎక్కువగా చచ్చిపోతున్నా ఆగి, అదే తీరున్న కొత్త పెట్టను తెండి. పెట్టనే తెండి, పుంజును కాదు. తేడా వస్తే ఆ పెట్ట పిల్లల దాకే నష్టం.

జబ్బుల్లో రెండింటి గురించి చెప్పకుండా ఉండలేను. ఒకటి మారెక్స్, కోళ్లకు గడ్డలు, కాళ్ల పక్షవాతం తెచ్చే వైరస్ జబ్బు. సిల్కీలు దీనికి తేలిగ్గా దొరికిపోతాయి. టీకా పిల్ల పుట్టిన రోజే వేయాలి, ఆలస్యమైతే ప్రయోజనం తగ్గిపోతుంది. టీకా గడ్డలు రాకుండా కాపాడుతుంది కానీ వైరస్ సోకకుండా ఆపదు. వైరస్ పెద్ద కోళ్ల ఈకల పొట్టు ధూళిలో ఉంటుంది. కాబట్టి టీకా వేశాక కనీసం రెండు వారాలు పిల్లల్ని పెద్దవాటికి దూరంగా ఉంచండి. పెద్ద గూట్లో తిరిగిన చెప్పులతో, బట్టలతో బ్రూడర్ దగ్గరికి, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటికి, వెళ్లకండి. ఒక సీజన్‌లో నేను ఈ చెప్పుల విషయంలో బద్ధకించి పదకొండు పిల్లల్ని పోగొట్టుకున్నాను. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడుకునేవి.

రెండోది తల. నిండు కుచ్చున్న సిల్కీల్లో చాలావాటికి పుర్రె పైభాగం ఉబ్బి ఉంటుంది, ఎముక పూర్తిగా మూసుకోదు. పిల్ల తల మీద వేలు ఆనిస్తే చిన్న బుడిపె మెత్తగా తగులుతుంది. ఇంకో కోడి ఒక్క పోటు పొడిస్తే చాలు, మెడ మెలికపడి, తల కాళ్ల మధ్యకు పోయి, వెనక్కి నడవడం మొదలెడుతుంది. అందుకే సిల్కీలను ఇతర జాతులతో కలిపి వదలకూడదు. మెడ మెలికపడిన పిల్లను విడిగా పెట్టి, విటమిన్ ఈ ఇస్తూ, చేత్తో తినిపిస్తూ, నీళ్లు చుక్కలుగా తాగిస్తే కొన్ని వారాల్లో కోలుకున్నవి ఉన్నాయి. మారెక్స్ లక్షణాలు కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి కాబట్టి పశువైద్యుడికి చూపించండి. దెబ్బ తగిలిన ఆనవాలు లేకుండా మెడ తిరిగిన పక్షిని, కోలుకున్నా సరే, నేను జతకు పెట్టను.

షో సంగతికొస్తే, తేదీ నుంచి వెనక్కి ఎనిమిది తొమ్మిది నెలలు లెక్కపెట్టి పిల్లల్ని తీయండి. అప్పటికి బొచ్చు నిండుతుంది, ఎండకు తెలుపు ఇంకా పసుపెక్కదు. తెల్ల పుంజుల్ని నీడలోనే పెంచండి. సిల్కీ బొచ్చు నీటిని ఆపలేదు, వానలో తడిస్తే ఒళ్లంతా నానిపోతుంది. నీళ్ల గిన్నె వెడల్పుగా ఉంటే కుచ్చు, గడ్డం మునిగి మురికవుతాయి కాబట్టి ఇరుకు మూతి పాత్రో నిపుల్ డ్రింకరో పెట్టండి. షోకి మూడు రోజుల ముందు స్నానం. ఒక టబ్బులో పిల్లల షాంపూ, తర్వాత రెండు టబ్బుల మంచినీళ్లు. సబ్బు మిగిలిపోతే బొచ్చు అట్టలు కడుతుంది. కాలి బొచ్చులో పొలుసుల కింద మైట్లు అనే సన్నటి పురుగులు ఉన్నాయేమో అప్పుడే చూడండి. డ్రయ్యర్ గోరువెచ్చగా, మీ చేతికి ఎంత వేడి బాగుందో అంతే, బొచ్చుకు ఎదురుగా పట్టి చర్మం దాకా ఆరబెట్టండి. గంట పైనే పడుతుంది, టెన్షన్ పడకండి. సగం స్నానంలోనే చాలా పక్షులు నిద్రపోతాయి. కుచ్చును అందం కోసం కత్తిరించడం, రంగు వేయడం మాత్రం వద్దు, జడ్జి దాన్ని మోసం కింద లెక్కేస్తాడు. పది రోజుల ముందు నుంచే షో పంజరం లాంటిదాంట్లో ఉంచి, రోజూ తీసి, రెక్క తెరిచి, వేళ్లు లెక్కపెట్టి మళ్లీ పెట్టండి. కొత్త చేయి పడగానే ముడుచుకుపోయే పక్షి తన ఒంటి తీరు చూపించలేదు.

ఈ వారం మాత్రం మీరు చేయాల్సింది చిన్న పని. నాలుగు పెద్ద పక్షుల్నీ తూకం వేసి, ఒక్కొక్కదాన్ని టబ్బులో దింపి, తడిసి ఉన్నప్పుడే పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి ఫోటో తీయండి. రెక్క తెరిచి ఒకటి, వెనక వేళ్లు దగ్గరగా ఒకటి. ఆ గట్టి ఈకల పిల్ల కాళ్లది కూడా. కుచ్చు ఫోటో అక్కర్లేదు.